రక్తంలో కొవ్వు – దారి తప్పిన యాంటీబాడీలు

పరీక్ష కోసం తీసిన రక్తాన్ని గాజు గొట్టంలో కాసేపు కదపకుండా ఉంచితే గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. పైన మిగిలే నీళ్ళలాంటి భాగాన్ని సీరం అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సీరం లేత పసుపు రంగులో, గొట్టం వెనక అక్షరాలు పెడితే చదవగలిగేంత తేటగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ల్యాబ్ టెక్నీషియన్ చేతికి వచ్చిన గొట్టంలో సీరం పాలలా తెల్లగా కనిపిస్తుంది. దాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పైన మీగడ కూడా కడుతుంది. అదంతా కొవ్వే.

ఇలాంటి రిపోర్టు చూడగానే ఇంట్లోవాళ్ళ దగ్గర్నుంచి ఊళ్ళో ఆర్‌ఎంపీ దాకా అందరూ అనే మాట ఒకటే: "నూనె తగ్గించు, మాంసం మానెయ్యి." చాలామంది విషయంలో ఆ మాట నిజమే. కానీ తిండి ఎంత తగ్గించినా, మామూలు మందులు వేసుకున్నా రక్తం తేటపడనివాళ్ళు కొందరుంటారు. అలాంటివాళ్ళలో కొందరి విషయంలో తప్పు తిండిది కాదు. రోగాల నుంచి కాపాడాల్సిన యాంటీబాడీలే దారి తప్పి, రక్తంలోంచి కొవ్వును దించే ఏర్పాటును శత్రువనుకొని పట్టుకుంటాయి. జీవరసాయన శాస్త్రం చదువుతున్నందుకు నాకు ఎదురైన మంచి కథల్లో ఇదొకటి. బైపీసీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎంపీసీ, సీఈసీ వాళ్ళు కూడా పేజీ తిప్పెయ్యకండి, ఇందులో ఫార్ములాలు లేవు.

కొవ్వు ఎలా ప్రయాణిస్తుంది?

ఆదివారం మన మెస్‌లో చికెన్ తిన్నామనుకుందాం. అందులోని కొవ్వు పేగుల్లో అరిగి లోపలికి పోతుంది. కొవ్వు నీళ్ళలో కలవదు కాబట్టి నేరుగా రక్తంలోకి పోలేదు. అందుకని పేగు గోడల్లోని కణాలు దాన్ని చిన్న చిన్న ఉండలుగా చేసి, చుట్టూ ప్రోటీన్లతో పల్చని తొడుగు వేస్తాయి. వీటి పేరు కైలోమైక్రాన్లు. ఇవి ముందు శోషరస నాళాల్లోకి వెళ్ళి, మెడకు ఎడమ పక్కన పెద్ద సిరలో కలిసి, అక్కడి నుంచి ఒళ్ళంతా తిరుగుతాయి. మనం ఏమీ తినకపోయినా కాలేయం కూడా ఇలాంటి ఉండల్నే, కాస్త చిన్నవాటిని, తయారుచేసి పంపుతూ ఉంటుంది. వీటి లోపల ఉండే సరుకు ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లు.

భోజనం చేసిన రెండు మూడు గంటలకు ఆరోగ్యవంతుడి సీరం కూడా కొద్దిగా మసకబారుతుంది. లిపిడ్ ప్రొఫైల్ పరీక్షకు పరగడుపున రమ్మనడానికి ఒక కారణం ఇదే. కొన్ని గంటలు గడిస్తే మళ్ళీ తేటపడుతుంది. మరి ఆ తెలుపంతా ఎక్కడికి పోయింది? దీనికి జవాబు దొరకడం 1943లో మొదలైంది. అమెరికాలో పాల్ హాన్ అనే పరిశోధకుడు కొవ్వు తిన్న కుక్కలకు హెపారిన్ ఎక్కించినప్పుడు, పాలలా ఉన్న వాటి రక్తం నిమిషాల్లోనే తేటపడడం గమనించాడు. హెపారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. దానికీ కొవ్వుకూ సంబంధం ఏమిటో అప్పటికి తెలియదు. అది రక్తనాళాల గోడలకు అంటుకొని ఉన్న ఒక ఎంజైమును ఊడదీసి రక్తంలోకి వదులుతుందని తర్వాత తేలింది. 1955లో ఎడ్వర్డ్ కార్న్ ఆ ఎంజైమును లైపోప్రోటీన్ లైపేజ్‌గా గుర్తించాడు. ఇకపై ఎల్‌పీఎల్ అందాం.

మిల్లు గేటు దగ్గర

పంట చేతికొచ్చే రోజుల్లో మిర్యాలగూడ వైపు వెళ్ళినవాళ్ళకు ఈ దృశ్యం తెలుసు. వడ్ల లారీలు, ట్రాక్టర్లు రైస్ మిల్లుల ముందు బారులు తీరి ఉంటాయి. లారీ వచ్చినంత మాత్రాన వడ్లు మిల్లులోకి పోవు. దించేవాళ్ళు ఉండాలి. హమాలీలు రాకపోతే లారీ అక్కడే నిలబడుతుంది, వెనక ఇంకోటి వచ్చి ఆగుతుంది, సాయంత్రానికి రోడ్డు బంద్.

రక్తనాళం ఆ రోడ్డు. కొవ్వు ఉండలు లారీలు. కండరం, గుండె, చర్మం కింది కొవ్వు కణాలు మిల్లులు. ఎల్‌పీఎల్ హమాలీ. అది ట్రైగ్లిజరైడును విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా చేస్తేనే కణాలు లోపలికి తీసుకోగలుగుతాయి. కండరం దాన్ని మండించి శక్తిగా వాడుకుంటుంది, కొవ్వు కణం దాచుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎల్‌పీఎల్ తయారయ్యేది కండర కణాల్లో, కొవ్వు కణాల్లో, అంటే మిల్లు ఆవరణ లోపల. పని చేయాల్సింది మాత్రం సన్నని రక్తనాళం లోపలి గోడ మీద, అంటే గేటు బయట. మధ్యలో రక్తనాళపు గోడ అడ్డం. దాన్ని ఎవరు దాటిస్తారు? చాలా ఏళ్ళు ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో ఆన్ బేన్యూ, స్టీఫెన్ యంగ్ బృందం జీపీఐహెచ్‌బీపీ1 అనే ప్రోటీన్ లేని ఎలుకల్ని పరీక్షించింది. మామూలు మేత తిన్నా వాటి రక్తం పాలలా తెల్లగా ఉంది. 2010లో అదే బృందం అసలు సంగతి తేల్చింది. రక్తనాళపు గోడ కణాల్లో ఉండే ఈ ప్రోటీనే ఎల్‌పీఎల్‌ను అవతలి వైపు అందుకొని, గోడ దాటించి, ఇవతలి వైపు పట్టుకొని నిలబెడుతుంది.

పేరు నోరు తిరగదు, నిజమే. ముఠా మేస్త్రి అని గుర్తుపెట్టుకోండి. హమాలీలను లోపలి నుంచి తీసుకొచ్చి లారీ పక్కన నిలబెట్టేది ఆయనే. ఆయన లేకపోతే హమాలీలు ఎంతమంది ఉన్నా లోపలే కూర్చుంటారు.

మేస్త్రి చేతులు కట్టేస్తే

ఇప్పుడు యాంటీబాడీల సంగతి. మన భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఉంటుంది, చిన్నప్పుడు పోలియో చుక్కలు వేసుకున్నాం. పోలియో చుక్కల వంటివి శరీరానికి నేర్పేది ఒక్కటే: ఫలానా ఆకారం కనిపిస్తే దాన్ని పట్టుకొనే యాంటీబాడీలను తయారు చేయమని. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ఆకారాన్నే గుర్తుపడుతుంది. శరీరం లక్షల రకాల ఆకారాలకు సరిపోయేలా వీటిని తయారు చేస్తుంది కాబట్టి, సొంత ప్రోటీన్లకు అతుక్కునేవి కూడా కొన్ని పుడుతూనే ఉంటాయి. వాటిని తయారుచేసే కణాలను ముందే ఏరిపారేసే ఏర్పాటు ఉంది. ఆ ఏరివేత ఎక్కడో విఫలమైతే వచ్చేవే ఆటో ఇమ్యూన్ జబ్బులు. కీళ్ళవాతం, లూపస్, టైప్-1 షుగర్ ఈ కోవలోవే.

2017లో యంగ్, బేన్యూ, జపాన్‌కు చెందిన కట్సుయుకి నకజిమా తదితరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. రక్తంలో కైలోమైక్రాన్లు విపరీతంగా పేరుకున్న ఆరుగురు రోగుల్లో, సాక్షాత్తూ ఈ ముఠా మేస్త్రికి వ్యతిరేకంగానే యాంటీబాడీలు ఉన్నాయని వాళ్ళు చూపించారు. ఆ యాంటీబాడీలు జీపీఐహెచ్‌బీపీ1కు అతుక్కొని, ఎల్‌పీఎల్ దాన్ని పట్టుకోకుండా అడ్డుపడుతున్నాయి. హమాలీ బాగానే ఉన్నాడు, మేస్త్రి కూడా ఉన్నాడు, కానీ మేస్త్రి రెండు చేతులూ ఎవరో కట్టేశారు. దాంతో ఆ రోగుల రక్తంలో ఎల్‌పీఎల్ బాగా తగ్గిపోయింది.

ఆ ఆరుగురిలో ఒకామెకు బిడ్డ పుట్టింది. పుట్టిన బిడ్డ రక్తం కూడా పాలలాగే ఉంది. తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరడం ప్రకృతి చేసిన మంచి ఏర్పాటు. మొదటి కొన్ని నెలలు పసివాడిని జబ్బుల నుంచి కాపాడేవి అవే. ఇక్కడ మంచి యాంటీబాడీలతోపాటు ఈ చెడ్డవి కూడా వెళ్ళాయి. అయితే బిడ్డ శరీరం వాటిని సొంతంగా తయారు చేయదు కదా. తల్లి నుంచి వచ్చినవి అరిగిపోయాక బిడ్డ రక్తం తేటపడింది. ఆ పసివాడి తిండిలో మార్పేముంటుంది, పాలు తప్ప? ఈ జబ్బుకు కారణం యాంటీబాడీలే అనడానికి ఇంతకన్నా గట్టి రుజువు ఏ ప్రయోగశాలలో దొరుకుతుందో నాకైతే తెలియదు.

ఇలాంటిది జరగవచ్చన్న అనుమానం మాత్రం కొత్తది కాదు. ఫ్రాన్స్‌లో బోమాంట్ అనే వైద్య శాస్త్రవేత్త 1965లోనే యాంటీబాడీల వల్ల రక్తంలో కొవ్వు పెరిగే జబ్బును వర్ణించాడు. అలాంటి జబ్బు మల్టిపుల్ మైలోమా ఉన్నవాళ్ళలో కనిపిస్తుంది. మైలోమా అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలకు వచ్చే క్యాన్సర్. అందులో ఒకే రకం యాంటీబాడీ గుట్టలు గుట్టలుగా తయారవుతుంది. ఎక్కడో ఒకరిలో ఆ ఒక్క రకం కొవ్వు ఉండలకే అతుక్కునేదై ఉంటుంది. అప్పుడు లారీ మీద టార్పాలిన్ బిగించి కట్టినట్టే, హమాలీ పక్కనే ఉన్నా సరుకు దించలేడు. అలాంటివాళ్ళకు కనురెప్పల చుట్టూ, మెడ మీద, అరచేతి గీతల్లో పసుపు పచ్చని కొవ్వు మచ్చలు తేలుతాయి. 1989లో జపాన్ వైద్యులు ఎల్‌పీఎల్‌నే అడ్డుకునే యాంటీబాడీ ఉన్న రోగి గురించి రాశారు. అంటే లారీ, హమాలీ, మేస్త్రి – ముగ్గురిలో ఎవరి మీదైనా దాడి జరగవచ్చు.

మన ఊళ్ళలో ఎక్కువ కనిపించేవి

పైన చెప్పినవి చాలా అరుదు. ఒక డాక్టరు జీవితకాలంలో ఒక్క కేసూ చూడకపోవచ్చు. అదే యాంటీబాడీలు చుట్టుదారిన కొవ్వు లెక్కను తప్పించే జబ్బులు మాత్రం ప్రతి మండలంలో ఉన్నాయి.

మొదటిది థైరాయిడ్. గొంతు దగ్గరుండే ఈ గ్రంథి మీద యాంటీబాడీలు దాడి చేసే జబ్బును 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు వర్ణించాడు. దాని వెనక యాంటీబాడీలు ఉన్నాయని 1956లో లండన్‌లో తేలింది. గ్రంథి మెల్లగా దెబ్బతిని హార్మోను తగ్గిపోతుంది. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, కాలేయం కొన్ని రిసెప్టర్ల ద్వారా లాక్కుంటుంది. ఈ రిసెప్టర్లను కనిపెట్టి కొలెస్ట్రాల్ సంగతి విప్పిచెప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఆ రిసెప్టర్లు కూడా తగ్గిపోతాయి. కొలెస్ట్రాల్ రక్తంలోనే తిరుగుతుంటుంది.

మా పెద్దమ్మ ఉపాధి హామీ పనికి పోతుంది. జొన్న రొట్టె, పచ్చిపులుసు ఆమె తిండి. ఒళ్ళు బరువు, నీరసం అని పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది. నెయ్యి, మాంసం మానెయ్యమని, కొలెస్ట్రాల్ తగ్గే గోళీ వాడమని రాసిచ్చారు. "నెయ్యి మొకం సూసి ఎన్నేండ్లాయె బిడ్డా, ఏం మానాలె నేను?" అని నన్నడిగింది. ఆ గోళీలతో ఒళ్ళు నొప్పులు మరీ ఎక్కువయ్యాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళు దానికి మందు తీసుకోకుండా కొలెస్ట్రాల్ గోళీలు వాడితే కండరాల నొప్పులు వచ్చే ప్రమాదం ఎక్కువన్న సంగతి మా పుస్తకంలోనే ఉంది. టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తే అసలు విషయం బయటపడింది. పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న థైరాక్సిన్ గోళీతో కొన్ని నెలల్లో కొలెస్ట్రాల్ దానంతటదే దిగింది. కొలెస్ట్రాల్ ఎక్కువున్న ప్రతివారికీ, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఒక్కసారైనా టీఎస్‌హెచ్ చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. వైద్య పుస్తకాలు చెప్పేదీ అదే.

రెండోది మూత్రపిండాలు. కొన్ని రకాల కిడ్నీ జబ్బుల్లో యాంటీబాడీలు వడపోత పొరను దెబ్బతీస్తాయి. ఒక రకంలో ఆ యాంటీబాడీలు ఏ ప్రోటీనును పట్టుకుంటున్నాయో 2009లో బోస్టన్‌లో బెక్, సలాంట్ అనే వైద్యులు కనిపెట్టారు. జల్లెడకు చిల్లులు పడినట్టయి, రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్ మూత్రంలో పోతుంది. ముఖం, కాళ్ళు వాస్తాయి, మూత్రం నురగ కడుతుంది. పోయిన ప్రోటీన్లను భర్తీ చేసే తొందరలో కాలేయం కొవ్వు ఉండల్ని కూడా ఎక్కువెక్కువగా తయారుచేస్తుంది. మరోవైపు ఎల్‌పీఎల్ పని మందగిస్తుంది. లారీలు పెరిగి హమాలీలు తగ్గితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎప్పుడు అనుమానించాలి?

పరగడుపున ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. 500 దాటితే తీవ్రమైనట్టు లెక్క. 1000 దాటితే క్లోమం వాచే ప్రమాదం బాగా పెరుగుతుంది. క్లోమం వాపు మామూలు కడుపునొప్పి కాదు. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. గ్యాస్ నొప్పి అనుకొని సోడా తాగి పడుకుంటే గంటలు వృథా అవుతాయి. పైగా సీరం పాలలా ఉన్నప్పుడు క్లోమం వాపును చెప్పే అమైలేజ్ పరీక్ష ఒక్కోసారి తప్పుగా తక్కువ చూపిస్తుంది. సోడియం కూడా అంతే. సీరం తెల్లగా ఉందని టెక్నీషియన్ రిపోర్టు మీద రాస్తే డాక్టరు ఆ అంకెల్ని జాగ్రత్తగా చూస్తారు. డీఎంఎల్‌టీ చదువుతున్న మన సీనియర్లు ఇది గుర్తుంచుకుంటే ఎక్కడో ఒకరి ప్రాణం నిలబడుతుంది.

ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి మామూలు కారణాలు అదుపులో లేని షుగర్, తాగుడు, బరువు, కొన్ని మందులు. వాటినే ముందు చూడాలి. పుట్టుకతో వచ్చే రకం కూడా ఉంది. ఎల్‌పీఎల్ జన్యువో మేస్త్రి జన్యువో తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండూ చెడినవే వస్తే చిన్నతనం నుంచే రక్తం తెల్లగా ఉంటుంది. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో దీనికి అవకాశం ఎక్కువ. యాంటీబాడీ రకం అలా కాదు. నిన్నమొన్నటి దాకా రిపోర్టులు బాగానే ఉన్న మనిషికి, తాగుడు, షుగర్ లేకుండానే ఉన్నట్టుండి వేలల్లోకి పోతుంది. కీళ్ళ నొప్పులు, బుగ్గల మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రని దద్దు, జుట్టు ఊడడం వంటి లూపస్ లక్షణాలు తోడుంటే అనుమానం బలపడుతుంది. కాబట్టి పాత రిపోర్టులు పారెయ్యకండి. ఐదేళ్ళ కిందటి ఒక్క కాగితం పుట్టుకతో వచ్చినదా, మధ్యలో వచ్చినదా అన్నది తేల్చేస్తుంది.

మన జిల్లాల సంగతికొస్తే, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకు. లిపిడ్ ప్రొఫైల్, థైరాయిడ్ వంటి పరీక్షలకు జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ ఉచిత పరీక్షా కేంద్రాలు 2021లో మొదలయ్యాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. జీపీఐహెచ్‌బీపీ1 యాంటీబాడీ పరీక్ష మాత్రం మామూలు ల్యాబుల్లో చేసేది కాదు, పరిశోధన సంస్థల పని. కానీ అనుమానం రావడానికి ఆ పరీక్ష అక్కర్లేదు.

చికిత్స ఎలా?

మామూలుగా ట్రైగ్లిజరైడ్లకిచ్చే గోళీలు ఇక్కడ పెద్దగా పనిచేయవు, మేస్త్రి చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి. కట్లు విప్పాలి, అంటే యాంటీబాడీల తయారీని తగ్గించాలి. స్టెరాయిడ్లు, మైకోఫెనోలేట్, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడతారు. 2017 నాటి ఆరుగురిలో ఇద్దరికి ఇలాంటి మందులతో గుణం కనిపించింది. మైలోమా వల్ల వస్తే మైలోమాకే చికిత్స చేయాలి.

రోగనిరోధక శక్తి అతిగా పనిచేసినప్పుడు దాన్ని తగ్గించే మందుల మాట వస్తే మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేం. ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలవడానికి మేం వాడే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే మందులు తయారుచేసింది. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్ కోసం పుట్టిన ఆ మందును ఇప్పుడు వారానికి ఒక్కసారి, చిన్న మోతాదులో, కీళ్ళవాతానికి వాడుతున్నారు. ఆయన 1948లోనే కన్నుమూశారు, ఇదంతా చూడలేదు.

యాంటీబాడీలు తగ్గేదాకా తిండి జాగ్రత్త తప్పదు. రక్తం పాలలా ఉన్న రోగికి రోజు మొత్తం మీద 15 నుంచి 20 గ్రాముల కొవ్వు మించకుండా చూడమంటారు. ఒక చెంచా నూనెలో 5 గ్రాములుంటుంది, మన మెస్‌లో ఇచ్చే ఒక కోడిగుడ్డులోనూ దాదాపు అంతే. పప్పు, కూర, చారు అన్నింటి తాలింపూ ఆ లెక్కలోకే వస్తుంది. మందులు పనిచేసి ట్రైగ్లిజరైడ్లు దిగాక, రిపోర్టులు చూసుకుంటూ డాక్టరు ఆ పత్యాన్ని కొద్దికొద్దిగా సడలిస్తారు.